పొగ పోని పొయ్యిల కథ

1953లో మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ఇంగ్లిష్‌లో ఒక పుస్తకం అచ్చువేసింది. పేరు ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’. కోట్లమందికి పొగలేని వంటిళ్లు కావాలని కోరుతూ ఆ పుస్తకం రాసింది వైద్యుడు కాదు, సంఘ సంస్కర్తా కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబరేటరీస్ డైరెక్టర్ డాక్టర్ ఎస్.పి. రాజు. కట్టడాలూ నీటిపారుదల పనుల లెక్కలు చూసుకోవలసిన ఇంజనీరు, వంటింటి మూలన ఊదుగొట్టం పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్న మనిషి గురించి ఆలోచించడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు.

ఆయన రూపొందించిన మట్టి పొయ్యికి ఆ ప్రయోగశాల ఇంగ్లిష్ పేరులోని తొలి అక్షరాలే పేరయ్యాయి. దేశమంతా దాన్ని ‘హెర్ల్ చూల్హా’ అన్నారు. అంతకు ముందు, 1947లో, వార్ధాలోని మగన్‌వాడీలో గ్రామోద్యోగ సంఘం వాళ్లు మగన్ చూల్హా తయారుచేశారు. మెరుగైన పొయ్యిల చరిత్ర ఎవరు రాసినా మొదట ఈ రెండింటినీ చెప్పుకోక తప్పదు. గ్వాటెమాలాలోనూ కెన్యాలోనూ స్వచ్ఛంద సంస్థలు పొయ్యిల మీద పని మొదలుపెట్టింది ఆ తర్వాత చాలా ఏళ్లకు. బిర్యానీ గురించి ఇంత చెప్పుకునే హైదరాబాద్, తన పేరుతో దేశమంతా తిరిగిన ఈ పొయ్యిని మాత్రం దాదాపు మరిచిపోయింది.

రాజు గారి పొయ్యి ఎలా ఉండేదో తెలియాలంటే ముందు మూడు రాళ్ల పొయ్యి సంగతి చూడాలి. కట్టె నేరుగా కాలదు. వేడి తగలగానే అందులోంచి మండే ఆవిర్లు బయటికొస్తాయి. కట్టె బరువులో ఎక్కువ భాగం ఇలా ఆవిరయ్యేదే, చివరికి మిగిలేది బొగ్గు. ఆ ఆవిర్లకు తగిన వేడీ గాలీ దొరికితే మంటవుతాయి, దొరక్కపోతే పొగవుతాయి. కళ్లు మండించే పొగంటే సగం కాలిన ఇంధనమేనన్నమాట. కొనో ఏరుకొచ్చో తెచ్చిన కట్టెలో కొంత అలా చూరు కిందికి పోతుంది. మిగిలిన మంటలోనూ చాలా వేడి రాళ్ల సందుల్లోంచి పక్కలకు పోతుంది. గాలికి ఎదురుగా పెట్టిన మూడు రాళ్ల పొయ్యిలో నూటికి పది, పదిహేను పాళ్ల వేడి మాత్రమే కుండకు చేరుతుంది.

ఈ నష్టాన్ని మన పాతకాలం ఇల్లాళ్లు గమనించకపోలేదు. పొయ్యి వెనక పొంత పెట్టి, వృథాగా పోయే వేడితో స్నానానికి నీళ్లు కాచుకున్నారు. పక్కన చిన్న పొయ్యి కలిపి, దాని మీద పాలు కాచుకున్నారు. హైదరాబాద్ పొయ్యి ఈ పద్ధతినే ఇంజనీరు లెక్కతో ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లింది. ‘ఎల్’ అక్షరంలా వంపు తిరిగిన మట్టి దిమ్మ, లోపల సొరంగం, పైన వరుసగా కుండలు పెట్టే రంధ్రాలు, చివర ఇంటి కప్పు దాటి పైకి లేచే పొగగొట్టం. ఒక చివర మంట పెడితే ఆ వేడి మొదటి కుండను, తర్వాత రెండో కుండను, మూడో కుండను తాకి, మిగిలిన పొగ ఇంటి బయటికి పోతుంది. గాలి ఎంత లాగాలో సరిచూసుకోవడానికి మధ్యలో రేకు తలుపు. పొగ, మసి, ఉడుకు, ఇంధన వృథా, ఇల్లు అంటుకునే భయం, ఈ అయిదింటి నుంచీ విముక్తి అన్నది ఆ పుస్తకం సారాంశం. అప్పుడే, 1952 అక్టోబరు 2న, సమాజాభివృద్ధి కార్యక్రమం మొదలైంది. అలాంటి పథకాలకు ఈ పొయ్యి చేతికందిన వస్తువైంది.

కానీ ఊళ్లలో అది నిలవలేదు. కారణాలు పొయ్యి లోపలా ఉన్నాయి, బయటా ఉన్నాయి. పొగగొట్టం పొగను బయటికి లాగుతుంది గానీ, దాంతోపాటు వేడిని కూడా లాక్కుపోతుంది. అందుకే ఆ రేకు తలుపు. వంట మధ్యలో దాన్ని ఎవరు చూసుకుంటారు? తలుపు విరిగిందంటే అదే పొయ్యి పాత పొయ్యికంటే ఎక్కువ కట్టెలు తింటుంది. గొట్టంలో మసి పేరుకుంటే పొగ తిరిగి ఇంట్లోకే వస్తుంది. సొరంగం కొలతలో రెండంగుళాల తేడా వచ్చినా రెండో కుండ మరగదు. ప్రయోగశాలలో నీళ్లు మరిగించి చూస్తారు. ఇంట్లో గట్క గెలకాలి. కర్రతో బలంగా తిప్పుతుంటే కుండ ఊగుతుంది, మట్టి అంచు పగులుతుంది. పైగా తాటాకు కప్పు కింద పొగ శత్రువొక్కటే కాదు, కప్పును పురుగు తినకుండా కాపాడేదీ అదే. దూలానికి కట్టిన విత్తనాల మూటకూ దాని అవసరం ఉంది. వీటిలో దేన్నీ ఆ పథకాల నమూనా కాగితం లెక్కలోకి తీసుకోలేదు.

హైదరాబాద్‌లో ఈ పని ఇంకో దారిలో కూడా నడిచింది. తార్నాక నుంచి ఉప్పల్‌కు వెళ్లే రోడ్డు మీద ఇవాళ ఐఐసీటీ అనే పెద్ద రసాయన పరిశోధన సంస్థ ఉంది. 1944లో హైదరాబాద్ రాష్ట్రం దాన్ని కేంద్ర ప్రయోగశాలల పేరుతో మొదలుపెట్టింది. 1956లో అది రీజినల్ రీసెర్చ్ లేబరేటరీ అయింది, 1989లో ఇప్పటి పేరు వచ్చింది. ఆర్‌ఆర్‌ఎల్ అంటేనే గుర్తుపట్టేవాళ్లు ఉప్పల్ వైపు ఇప్పటికీ ఉన్నారు. సింగరేణి బొగ్గును వంటింటికి పనికొచ్చేలా చెయ్యడం ఆ లేబరేటరీ తొలినాళ్ల ముఖ్యమైన పనుల్లో ఒకటి. పచ్చి బొగ్గు కాలిస్తే తారు వాసనతో నల్లటి పొగ వస్తుంది. అదే బొగ్గును గాలి తగలకుండా, ఉక్కు కొలిమికి కావలసిన దానికంటే తక్కువ వేడిలో మగ్గిస్తే తారు, వాయువులు విడిగా వచ్చేస్తాయి. మిగిలిన కోక్‌ను కుంపట్లో వేస్తే పొగ పెద్దగా రాదు. ఈ పరిజ్ఞానంతోనే మంచిర్యాల దగ్గర నస్పూర్‌లో సింగరేణి ఒక కర్మాగారం కట్టింది. అడవుల్ని, పిడకలుగా మారిపోతున్న పేడనీ కాపాడాలన్నది ఆలోచన. అయితే అప్పటికే పట్నం వంటిళ్లు కిరసనాయిలు వైపు తిరిగాయి, అక్కడి నుంచి గ్యాసు వైపు. 1965 అక్టోబరు 22న కోల్‌కతాలో ఇండేన్ మొదటి కనెక్షన్ ఇచ్చాక కుంపటికి రోజులు దగ్గరపడ్డాయి. 1977లో ఇండియన్ ఆయిల్ వాళ్లు తెచ్చిన నూతన్ వత్తుల స్టవ్వు కిరసనాయిలు బాగానే ఆదా చేసింది గానీ, రేషన్ క్యూ చివర నిలబడినవాళ్లకు ఆ ఆదా కంటే నూనె దొరకడమే పెద్ద సంగతి.

మట్టి పొయ్యి మాత్రం ప్రభుత్వాల మనసులోంచి పోలేదు. 1980లలో దేశవ్యాప్తంగా మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలై 2002 దాకా నడిచింది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించినట్టు లెక్కలు చెప్పారు. తర్వాత అధికారులు ఊళ్లకు వెళ్లి చూస్తే చాలా చోట్ల పగిలిన దిమ్మలు, ఊడిపోయిన గొట్టాలు మిగిలాయి. సబ్సిడీ పొయ్యి కట్టినందుకు వచ్చేది. అది ఏడాది తర్వాత మండుతోందో లేదో చూడమని ఎవరికీ డబ్బివ్వలేదు. అదే కాలంలో చైనా 1992కల్లా దాదాపు 13 కోట్ల పొయ్యిలు పెట్టింది. అక్కడ ఇల్లుగలవాళ్లే ఎక్కువ ఖర్చు పెట్టుకున్నారు. ప్రభుత్వం పనివాళ్లకు శిక్షణ ఇచ్చింది, తయారీదారుల్ని నిలబెట్టింది. కెన్యాలో 1980ల మొదట్లో వచ్చిన జికో అనే బొగ్గుల పొయ్యిదీ దాదాపు ఇదే కథ. రేకు చట్రంలో కాల్చిన మట్టి పొర. నైరోబీ వీధుల్లో రేకు పనివాళ్లు తామే చేసి అమ్ముకున్నారు. పాడైతే బాగుచేసే మనిషి పక్క సందులోనే ఉన్నాడు.

మన పక్కనే ఒడిశాలో ఇంకా నిక్కచ్చిగా తేలింది. రెమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికవేత్తలు గ్రామ్ వికాస్ అనే సంస్థతో కలిసి 44 ఊళ్లలో, దాదాపు 2,600 కుటుంబాలకు చీటీలు తీసి వరుసక్రమంలో మెరుగైన మట్టి పొయ్యిలు ఇప్పించి, నాలుగేళ్లు వెంటబడి చూశారు. మొదటి ఏడాది వంటచేసే ఆడవాళ్లు పీల్చే పొగ కొంత తగ్గింది. తర్వాత ఆ తేడా మాయమైంది. ఊపిరితిత్తుల్లో మార్పు లేదు, కట్టెల ఖర్చులోనూ మార్పు లేదు. బాగు చేయించుకోని పొయ్యి, వాడని పొయ్యి, పక్కన పాత పొయ్యి కూడా మండుతూనే ఉండటం, ఇవే కారణాలు. ప్రయోగశాల మార్కులకూ వంటింటి మార్కులకూ ఇంత దూరం ఉంటుందని అంత స్పష్టంగా చూపిన పరిశోధన అంతకు ముందు లేదు.

ఇంత చెప్పుకున్నాక పొగ నిజంగా ఎంతుంటుందో కొలిచినవాళ్ల దగ్గరికి రావాలి. ఈ విషయంలో తెలుగు నేల ప్రపంచానికి గట్టి లెక్కలే ఇచ్చింది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పన బాలకృష్ణన్, కాలిఫోర్నియాకు చెందిన కర్క్ స్మిత్ తదితరులు ఈ శతాబ్దం మొదట్లో నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల ఊళ్లలో సుమారు 420 ఇళ్లలో గాలిని కొలిచారు. 2004లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఊపిరితో లోపలికి పోగల సన్నని రేణువులు, 24 గంటల సగటున, గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకల వంటి ఇంధనాలు వాడే ఇళ్లలో 732 దాకా పోయింది. పొగ అందరికంటే ఎక్కువ పీల్చేది వంట చేసే ఆడవాళ్లు, అందులోనూ 15 నుంచి 40 ఏళ్ల వాళ్లు. మగవాళ్లలో మాత్రం ముసలివాళ్లు, ఎక్కువసేపు ఇంట్లోనే ఉంటారు కాబట్టి కావచ్చు. ఏ ఇంధనం, వంటిల్లు ఎక్కడుంది, ఎంతసేపు అక్కడున్నారు అన్న మూడింటి మీదే చాలావరకూ ఆధారపడిందని తేలింది. ఆరుబయట పొయ్యి పెట్టుకుంటే చాలదా అంటారు, అదీ పూర్తి పరిష్కారం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఇంటి పొగ 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మరణాలకు కారణం. న్యుమోనియా, గుండెపోటు, పక్షవాతం, సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నీ ఆ లెక్కలో ఉన్నాయి.

హైదరాబాద్ శివార్లలోని 28 గ్రామాల్లో తర్వాత ఇంకో అధ్యయనం జరిగింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చాలాకాలంగా వెంటనడుస్తున్న ఊళ్లవి. బార్సిలోనాకు చెందిన పరిశోధకులు ఆడా మగా మెడలో చిన్న కెమెరా, నడుముకో సంచిలో గాలి కొలిచే పరికరం కట్టారు. ఎవరు ఎప్పుడు ఏ పొగలో ఉన్నారో ఫొటోల్లో తెలిసిపోతుంది. ఆ ఊళ్లలోని 3,717 మందిని చూసిన పరిశోధన 2020లో వెలువడింది. అందులో సగానికి మించి ఇళ్లలో కట్టెల వాడకం ఉంది. ఊరి గాలిలో ధూళి ఎక్కువున్నచోట ఎముకల సాంద్రత తక్కువగా కనిపించింది. ఆశ్చర్యమేమిటంటే ఇంటి వంట ఇంధనంతో అలాంటి సంబంధం తేలలేదు. ఊరి గాలిలోనూ నలుగురి పొయ్యిల పొగ కలిసే ఉంటుంది కాబట్టి, ఏది ఎవరిదో విడదీయడం తేలిక కాదు మరి.

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం తెచ్చింది. డ్వాక్రా సంఘాల మహిళల పేరున గ్యాసు కనెక్షన్, డిపాజిట్ డబ్బు ప్రభుత్వానిది, స్టవ్వు ఖర్చు ఇంటివాళ్లది. దేశానికి ఉజ్వల పథకం రావడానికి 17 ఏళ్లు ముందు. తర్వాత ప్రపంచ బ్యాంకు అధ్యయనంలో ఏం తేలిందంటే, పల్లెల్లో గ్యాసు పొయ్యి టీకీ, చుట్టాలొచ్చినప్పుడూ, వానాకాలం కట్టె తడిసినప్పుడూ వెలిగేది. అన్నానికీ వేడినీళ్లకూ మళ్లీ కట్టెల పొయ్యే. ఇది పిసినారితనమేం కాదు. కూలి రోజుకు దొరుకుతుంది, బండ డబ్బు ఒక్కసారే కట్టాలి. కట్టె ఏరుకొచ్చేది తన ఒళ్లు, దానికి ఖాతాలో లెక్క లేదు.

దేశవ్యాప్తంగా 2016 మే 1న మొదలైన ఉజ్వల లెక్కలూ ఇదే చెబుతున్నాయి. ప్రభుత్వ గణాంకాల ప్రకారం ఉజ్వల ఇళ్లు 2019-20లో సగటున మూడు బండలు వాడాయి. 2023-24 నాటికి నాలుగుకు దగ్గరయ్యాయి. నలుగురైదుగురున్న ఇంట్లో వంటంతా గ్యాసు మీదే అయితే ఏడాదికి ఏడెనిమిదైనా పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర్లో మొదలైన దీపం-2 ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ఇస్తోంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి మహాలక్ష్మి కింద 500 రూపాయలకే సిలిండర్. కనెక్షన్ల సంఖ్య కాక బండ ధరే రాజకీయ హామీ కావడం పొయ్యిల చరిత్రలో ఒక మలుపే. ఇన్నాళ్లకు ఎవరో పొయ్యి వెలిగాక ఏమవుతోందని అడిగారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. 14.2 కిలోల బండలో గ్యాసు, కొన్నాళ్లు వాడిన స్టవ్వు మీద నూటికి 65 పాళ్ల వేడి గిన్నెకు చేరుస్తుందనుకుందాం. అదే వంట మూడు రాళ్ల పొయ్యి మీద చేయాలంటే సుమారు 170 నుంచి 180 కిలోల ఎండుకట్టె కాల్చాలి. పొయ్యి సామర్థ్యం రెట్టింపయితే కట్టె సగమవుతుంది. భారత ప్రమాణాల సంస్థ గ్యాసు స్టవ్వుకు కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలంటుంది. మంట నీలంగా కాక పసుపుగా లేస్తోందంటే, గిన్నె అడుగున మసి పడుతోందంటే, ఆ 68 ఎప్పుడో తగ్గిపోయిందన్నమాట. బర్నరు తుడిస్తే చాలు. కందిపప్పు నానబెట్టి, మూత పెట్టి, మరిగాక మంట తగ్గించడం ఏ పథకంలోనూ లేని పొదుపు.

హైదరాబాద్ శివార్లలోని మేడిపల్లిలో ఈ పొయ్యిలన్నీ ఒకే రోజు మండుతూ కనిపిస్తాయి. ఉప్పల్ రింగు రోడ్డు దాటి బోడుప్పల్, పీర్జాదిగూడ మీదుగా వరంగల్ రహదారిలో వెళ్తే ఇరుపక్కలా అపార్టుమెంట్లు. కూతవేటు దూరంలో చర్లపల్లిలో చమురు కంపెనీలు బండలు నింపే ప్లాంట్లున్నాయి. ఇక్కడ గ్యాసు దొరకదనడానికి వీల్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2019-21 నాటికే తెలంగాణలో పదింట తొమ్మిది ఇళ్లు ప్రధానంగా గ్యాసో కరెంటో వాడుతున్నాయి. దేశం మొత్తం మీద అది 58.6 శాతమే. ‘ప్రధానంగా’ అన్న మాట దగ్గర ఆగి చూడాలి. వంటింట్లో గ్యాసు, పెరట్లో నీళ్ల కాగు కింద కొబ్బరి మట్టలు ఉన్న ఇల్లూ ఆ తొమ్మిదిలోదే. కడుతున్న భవనం పక్క రేకుల షెడ్డులో ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన కుటుంబం సెంట్రింగ్ చెక్క ముక్కలతో ఇటుకల పొయ్యి మీద అన్నం వండుకుంటుంది. ఆ చెక్కలకు రంగూ జిగురూ అంటి ఉంటాయి, వాటి పొగ మామూలు తుమ్మ కట్టె పొగ కాదు. నిన్నటిదాకా చిరునామా రుజువు లేక వీళ్లకు గ్యాసు దొరికేది కాదు. ఇప్పుడు అయిదు కిలోల చిన్న సిలిండర్‌కు గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. 2021లో ఉజ్వల రెండో విడత వలస కుటుంబాలకు స్వీయ ప్రకటనతోనే కనెక్షన్ అంది. అయినా చెక్క ఉచితంగా పడి ఉన్నచోట గ్యాసుకు పోటీ కష్టం.

కట్టె ఎలాగూ మండుతుంది కాబట్టి దాన్నే మంచిగా మండించాలన్న పట్టుదలతో పనిచేసినవాళ్లూ హైదరాబాద్‌లో ఉన్నారు. జియో అనే సంస్థ నడిపిన డాక్టర్ ఎన్. సాయిభాస్కర్ రెడ్డి పదుల సంఖ్యలో పొయ్యిలు తయారుచేశారు. 2012లో ‘అండర్‌స్టాండింగ్ స్టవ్స్’ అనే పుస్తకం రాశారు. నమూనాలకు హక్కులు కట్టుకోకుండా ఎవరైనా చేసుకోమని వదిలేశారు. ఈ తరహా పొయ్యిల్లో ఆసక్తికరమైనది పైనుంచి అంటించేది. రేకు డబ్బాలో పుల్లలో, కంది కట్టెల ముక్కలో నింపి పైభాగంలో నిప్పు పెడతారు. కింది నుంచి కొద్ది గాలి మాత్రమే లోనికి పోతుంది. ఆ మాత్రం గాలికి కట్టె మండదు, మగ్గుతుంది. మగ్గిన వాయువు పైకి లేచి అంచు దగ్గరి చిల్లుల్లోంచి వచ్చే గాలితో కలిసి గ్యాసు పొయ్యిలా మండుతుంది. పొగ చాలా తక్కువ. చివర మిగిలే బొగ్గును పొలంలో కలిపితే నేలకు మేలని సాయిభాస్కర్ రెడ్డి వాదన. ఇబ్బందేమిటంటే డబ్బాలో నింపింది అయిపోయిందాకా ఆగాలి, మధ్యలో కట్టె తోయడం కుదరదు. పచ్చి కట్టె అసలు పనికిరాదు. 2006లో బీపీ కంపెనీ బెంగళూరు ఐఐఎస్సీ సాయంతో తెచ్చిన ‘ఊర్జా’ అనే ఫ్యాన్ పొయ్యి కూడా బాగానే మండింది. గుళికల ఇంధనం ధర పెరిగేసరికి కొన్నవాళ్లే పక్కన పెట్టేశారు.

ఇప్పుడు మేడిపల్లి వంటిళ్లలో కొత్త పోటీదారు ఇండక్షన్ స్టవ్వు. వేడి గిన్నెలోనే పుడుతుంది కాబట్టి వృథా తక్కువ, 85 శాతం వరకూ అన్నానికే చేరుతుంది. దేశంలో వాడే గ్యాసులో సుమారు 60 శాతం ఓడల్లో దిగుమతయ్యేదే కాబట్టి కేంద్రం కూడా కరెంటు వంట వైపు చూస్తోంది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు కరెంటు బిల్లు సున్నా. చిన్న కుటుంబం రోజూ వంటంతా ఇండక్షన్ మీద చేస్తే నెలకు 50, 60 యూనిట్లు పడతాయి. ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ కలిపి 120 వాడే ఇంట్లో అది ఇమిడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ తిరిగే ఇంట్లో ఇమడదు. మీటరు 201 చూపిస్తే బిల్లు మొత్తం కట్టాలి, ఒక్క యూనిట్‌కే కాదు. అందుకే ఎండాకాలం వచ్చిందంటే ఇండక్షన్ స్టవ్వు అలమారా మీదికెక్కుతుంది, గ్యాసు బండ బుకింగ్‌కు ఫోను మోగుతుంది.